ఒళ్ళొకరిది, గొంతొకరిది

2004 సంక్రాంతికి కోడిపుంజుల కంటే ముందే సినిమాలు బరిలోకి దిగాయి. జనవరి 14న బాలకృష్ణ ‘లక్ష్మీనరసింహా’ వచ్చింది. అదేరోజు, అప్పటికింకా పెద్ద హీరోల వరసలోకి రాని ప్రభాస్ ‘వర్షం’ వచ్చింది. మర్నాడు చిరంజీవి ‘అంజి’. కనుమ నాటి మాంసం కూర పొయ్యిమీంచి దిగేసరికి లెక్క తేలిపోయింది. జనం వర్షంలో తడవడానికే మొగ్గారు.

‘అంజి’ తీయడానికి ఆరేళ్ళు పట్టింది. పాతిక కోట్లు అయిందని అప్పట్లో చెప్పుకునేవారు. ఆ సినిమా షూటింగులో ఉండగానే ‘ఇంద్ర’ మొదలై, విడుదలై, వందరోజుల పండగలు చేసుకుంది. ‘ఠాగూర్’ కూడా అంతే. ఆత్మలింగం, ఆకాశగంగ, నింగి నుంచి దిగే కాంతి... కంప్యూటర్ తెరమీద ఒక్కో ఫ్రేమూ చెక్కుతూ కూర్చున్న ‘అంజి’ మాత్రం అందరికంటే వెనకొచ్చింది. ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు ఇచ్చి ఢిల్లీ మెచ్చుకుంది. పెట్టిన డబ్బు మాత్రం రాలేదు.

ఇంకొకరైతే గ్రాఫిక్స్ అన్న మాటకే దండం పెట్టేవారు. నిర్మాత మల్లెమాల శ్యాంప్రసాద్ రెడ్డి పెట్టలేదు. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ సంక్రాంతికే, మళ్ళీ మంత్రాలూ మరణాలూ ఉన్న కథతోనే, మళ్ళీ అదే దర్శకుడు కోడి రామకృష్ణతో వచ్చాడు. ఈసారి పోస్టరు మీద చిరంజీవి లేడు. అసలు పెద్ద హీరో అన్నవాడే లేడు. ఒక ఆడపిల్ల, ఒక కోట, ఆ కోటలో సగం చచ్చి సగం బతికున్న ఒక మనిషి. అంతే.

2009 జనవరి 16న విడుదలైన ఆ సినిమా పేరు ‘అరుంధతి’.

* * *

శ్యాంప్రసాద్ రెడ్డికి ఈ గ్రాఫిక్స్ పిచ్చి ‘టెర్మినేటర్ 2’ చూసినప్పుడు పట్టుకుంది. 1991 నాటి ఆ హాలీవుడ్ సినిమాలో పోలీసు వేషంలోని మనిషి పాదరసంలా కరిగి, కటకటాల సందుల్లోంచి జారి, అవతల మళ్ళీ మనిషిగా నిలబడతాడు. అది చూసి ఆయనకు అమ్మవారు తట్టింది. చూసిన యంత్రం అమెరికాది, అనుకున్న దేవత మన పొలిమేరది.

అలా పుట్టిన ‘అమ్మోరు’ను మొదట వేరే దర్శకుడితో కొంత తీశారు. నచ్చలేదు. దర్శకుణ్ణి మార్చి, విలన్ని మార్చి, కోడి రామకృష్ణ చేత మళ్ళీ తీయించారు. పాలకొల్లు మనిషి, దాసరి శిష్యుడు, నుదుటికి తెల్లగుడ్డ కట్టుకుని సెట్లో తిరిగే ఆ కోడి రామకృష్ణే అంతకు ముందు ఇదే నిర్మాతకు ‘అంకుశం’ తీసిపెట్టాడు. 1995లో ‘అమ్మోరు’ వచ్చింది. చెప్పులు బయట విడిచి థియేటర్లోకి వెళ్ళినవాళ్ళున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

‘అమ్మోరు’ గెలిపించింది, ‘అంజి’ ముంచింది. ఈ రెంటి మధ్యా తేడా గ్రాఫిక్స్‌లో లేదని నా అనుమానం. ‘అమ్మోరు’లో దెబ్బతినే పిల్ల మన ఇంటి కోడలు, చంపజూసేవాడు ఆ ఇంటివాడే. ‘అంజి’లో లింగం ఎక్కడో హిమాలయాల్లో ఉంటుంది. మనవాళ్ళకు భయమైనా భక్తైనా గడప లోపలే పుట్టాలి. ‘అరుంధతి’లో కథ మళ్ళీ గడప లోపలికి వచ్చింది.

* * *

గద్వాల సంస్థానం. రాజుగారి మేనల్లుడు పశుపతి. వరసకు అల్లుడే కనక పెద్దకూతుర్ని ఇచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. కంటికి ఆనిన ఆడదాన్ని వదలడు. అడిగేవాడు లేడు, అల్లుడు కదా. ఒకరోజు అంధురాలైన నాట్య గురువును చెరిచి చంపుతాడు. ఆ అవమానం మోయలేక భార్య ఉరిపోసుకుంటుంది. అప్పుడు నోరు తెరిచింది పెద్దవాళ్ళెవరూ కాదు, చిన్నకూతురు అరుంధతి. ఆ పసిదాని మాటమీద ఊరు పశుపతిని చావగొట్టి, గుర్రానికి కట్టి ఈడ్పిస్తుంది.

చచ్చాడనుకున్నవాడు చావలేదు. దారిలో అఘోరాల చేతిలో పడ్డాడు. వాళ్ళ విద్యలన్నీ నేర్చాడు. ఏళ్ళ తర్వాత అరుంధతి పెళ్ళిపందిట్లోకి తిరిగొచ్చాడు, ఈసారి అల్లుడిగా కాదు.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. మన కథల్లో మాంత్రికుడు ఎప్పుడూ బయటివాడే. 1942లో జెమినీవాళ్ళు తీసిన ‘బాలనాగమ్మ’లో రాణిని ఎత్తుకుపోయేవాడు మాయల మరాఠీ. బుర్రకథల్లో మాయల ఫకీరన్నా వాడే. గోవిందరాజుల సుబ్బారావు ఆ వేషం కడితే ఇంట్లో పిల్లలు జడుసుకునేవాళ్ళు. 1951లో కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’ తీస్తే అందులో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. ఒకడు మహారాష్ట్ర నుంచి, ఇంకొకడు హిమాలయాల నుంచి. మన ఊళ్ళోవాడు, మన వంశంవాడు మాత్రం చేతబడి చేయడు, చేసినా కథకెక్కడు.

పశుపతి మన ఇంటివాడు. ఆ ఇల్లే వాణ్ణి పెంచింది, భరించింది, దాచింది, చివరికి గుర్రానికి కట్టి బయటికి విసిరింది. బయటివాడుగా పుట్టలేదు, బయటివాడయ్యాడు. తెలుగు సినిమాలో ఈ మలుపు చిన్నదేం కాదు. ఇంకో తమాషా చూడండి. ఇదే సినిమాలో అరుంధతికి అండగా నిలబడేవాడు అన్వర్ అనే ఫకీరు. ఆ వేషం వేసింది సాతారా ప్రాంతం నుంచి వచ్చిన మరాఠీ నటుడు షాయాజీ షిండే. అరవై ఏడేళ్ళ కిందట మరాఠీ ఫకీరు రాణిని ఎత్తుకుపోయాడు. ఇప్పుడు మరాఠీ ఫకీరే వచ్చి రాణిని కాపాడుతున్నాడు. రచయితలు అనుకుని చేశారో లేదో గాని లెక్క సరిపోయింది.

అఘోరాల విషయంలో మాత్రం సినిమా పాత దారే తొక్కింది. కపాలం, చితిబూడిద, వికటాట్టహాసం. వారణాసిలో కీనారాం పరంపర అఘోరాలు 1961లో సంస్థ పెట్టి కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ వచ్చారని, సమాజం వెలివేసినవాళ్ళ పుళ్ళు కడగడమే సాధనగా పెట్టుకున్నారని మన సినిమాకి ఎవరూ చెప్పినట్టు లేరు. చెప్పినా వినదు లెండి, కథకు అడ్డం.

పెళ్ళిపందిట్లోకి తిరిగి వద్దాం. పశుపతిని చంపలేరు. చంపితే ఆత్మ విడివడి మరింత చెలరేగుతుంది. అందుకని అరుంధతి వాడి ముందు నాట్యం చేస్తుంది. వేలాడదీసిన పెద్దపెద్ద ఢక్కీల మధ్య, చీర కొంగులే కర్రలుగా, వాడు ఒళ్ళు మరిచేదాకా ఆడుతుంది. మంత్రం పలకకుండా నాలుక తెగ్గోస్తుంది. కదలకుండా నేలకు దిగ్గొట్టిస్తుంది. ప్రాణం ఉండగానే వాడిచుట్టూ గోరీ లేపించి, యంత్రాలతో బంధింపజేస్తుంది. చావలేదు కనక పైలోకానికి పోలేడు. గోరీలో ఉన్నాడు కనక ఈ లోకంలో లేడు. తర్వాత ఆమె కూడా తన ప్రాణం ఇచ్చుకుంటుంది. తలమీద వరసగా కొబ్బరికాయలు కొట్టించుకుని చచ్చిపోతుంది, తన ఎముకతో వాడికోసం ఒక ఆయుధం తయారు కావాలని. ‘అమ్మోరు’కు జనం భక్తిగా కొట్టిన కొబ్బరికాయలే ఇక్కడ మనిషి నెత్తిమీద పగులుతుంటే హాల్లో ఊపిరి వినపడేది కాదు.

తరాలు గడిచాక ఆ వంశంలో ఆమె పోలికలతోనే ఒక ఆడపిల్ల పుడుతుంది. ఇంటిల్లిపాదీ ఆ పిల్లను జేజమ్మ అని పిలుస్తారు. తాత కూడా మనవరాల్ని జేజమ్మా అంటాడు. గోరీలోంచి వాడూ పిలుస్తాడు, వాడి పిలుపు వేరు.

* * *

మెదక్ జిల్లా మనోహరాబాద్ పక్కనుంచి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శ్రీనగర్లో మొదలై కన్యాకుమారిలో ఆగే రోడ్డది. ఉత్తరం నుంచి వచ్చే లారీ పంజాబ్‌లో లూధియానా దాటి, నాగపూర్ దాటి, తూప్రాన్, మనోహరాబాద్, కాళ్ళకల్ మీదుగా హైదరాబాద్ చేరుతుంది. అక్కణ్ణుంచి దక్షిణానికి సాగితే జడ్చర్ల, కొత్తకోట, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన. ఆ తర్వాత ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగితే గద్వాల. తిరక్కుండా తుంగభద్ర దాటి, కర్నూలు దాటి, ఎడమవైపు లోపలికి పోతే బనగానపల్లె.

ఈ సినిమాలోని మనుషులూ కోటలూ దాదాపుగా ఈ ఒక్క రోడ్డు మీదికే వస్తాయి.

నిజం గద్వాలలో నిజంగానే కోట ఉంది. సోమనాద్రి కట్టించిన మట్టికోట, లోపల చెన్నకేశవుడి గుడి. నిజాం ఏలుబడి కింద ఉన్న సంస్థానాల్లో పేరున్నది, కవి పండితులకు అన్నం పెట్టినది. దాన్ని చివరగా ఏలినది రాజు కాదు, రాణి. మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ 1924 నుంచి 1949లో సంస్థానం రద్దయ్యేదాకా గద్వాలను పాలించారు. కోట లోపలి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇప్పటికీ ఆవిడ పేరే. సినిమా కథకూ ఆవిడ జీవితానికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆడది గద్దెమీద కూర్చుని ఊరికి తీర్పు చెప్పడం గద్వాలకు కొత్త సంగతి కాదు.

తెరమీద గద్వాల కోటగా కనిపించేది మాత్రం గద్వాలలో లేదు. అది బనగానపల్లె నవాబుగారి బంగ్లా. ఊరి బయట మెరక మీద, చుట్టూ బోసినేల, మధ్యలో ఒంటరిగా నిలబడ్డ రాతి మేడ. బనగానపల్లె తొమ్మిది తుపాకుల వందనం ఉన్న చిన్న సంస్థానం. నిజాంకు కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలోది. 1948లో ఇండియాలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. ఈ సినిమా వచ్చేదాకా ఊరి పేరు దేశానికి తెలిసింది మామిడిపండు వల్ల.

అంటే పేరు తుంగభద్రకు ఇవతల, మేడ అవతల. కృష్ణ దాటాక వచ్చే హిందూ సంస్థానం కథను ముస్లిం నవాబు బంగ్లా నోటితో చెప్పించారు. ఇప్పుడు యాగంటి పోయే యాత్రికులు కారాపి ‘అరుంధతి బంగ్లా ఎక్కడ?’ అని అడుగుతారు. నవాబు పేరు అడిగేవాళ్ళు తక్కువ.

* * *

కోటకే ఇంత కథ ఉంటే ఇక మనుషులకు ఉండదా.

అరుంధతి వేషానికి మొదట అడిగినవాళ్ళలో మమతా మోహన్‌దాస్ ఒకరు. కాదనుకున్నానని తర్వాత ఆమే చెప్పింది. వేషం అనుష్కను చేరింది. మంగళూరు వైపు తుళు కుటుంబం, బెంగళూరులో భరత్ ఠాకూర్ దగ్గర నేర్చి యోగా పాఠాలు చెప్పిన పిల్ల. 2005లో పూరి జగన్నాథ్ ‘సూపర్’తో తెలుగుకు వచ్చింది. అప్పటికి చేసినవన్నీ హీరో పక్కన ఆడిపాడే వేషాలే. మొత్తం సినిమా ఆమె భుజాన పెట్టడం జూదమే. తల తెగిపోయేంత జూదం అంటే అతిశయోక్తి కాదు. ‘అంజి’కి చిరంజీవి ఉండీ నిలబడలేదు మరి.

చిన్నప్పటి అరుంధతి దివ్య నాగేష్. పాత రోజుల కథ విప్పిచెప్పే ముసలి చంద్రమ్మ వేషానికి మద్రాసు నుంచి మనోరమ వచ్చింది. కెమెరా కె.కె.సెంథిల్ కుమార్‌ది. అదే ఏడాది జులైలో ఈయన కెమెరాతోనే ఇంకో పునర్జన్మ కథ ‘మగధీర’ వచ్చింది. గ్రాఫిక్స్ రాహుల్ నంబియార్. సంగీతం మాత్రం అచ్చంగా మన ఇంటిది, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి. ఆయన కూడా జేజమ్మ కీర్తన పాడించడానికి కైలాష్ ఖేర్‌ని పిలిపించాడు.

పశుపతిగా సోనూ సూద్. పంజాబ్‌లో మోగా అనే ఊరు. తండ్రికి బట్టల కొట్టు. ఇంజినీరింగు నాగపూర్లో. అంటే మన 44వ నంబరు రోడ్డు మనిషే. సినిమాల్లో మొదటి అవకాశం బొంబాయి ఇవ్వలేదు, 1999లో తమిళంలో ‘కళ్ళళగర్’ ఇచ్చింది. తర్వాత తెలుగు. ‘అతడు’, ‘సూపర్’. కండలు తిరిగిన దేహం, అందమైన ముఖం, హీరో చేత తన్నించుకోవడానికి అనువైన ఎత్తు. మన దర్శకులకు ఉత్తరాది విలన్ అంటే అంతవరకే.

కోడి రామకృష్ణ ఆ అందాన్ని చెరిపేశాడు. మేకప్‌మన్ చేతిలో గంటలకొద్దీ కూర్చోబెట్టి చర్మం మాడ్పించి, జట కట్టించి, కళ్ళు లోపలికి దించి, పురుగు పట్టిన శవాన్ని చేశాడు. ఒళ్ళు సిద్ధమైంది. ఇంక గొంతు కావాలి.

* * *

డబ్బింగ్ థియేటర్లో దీపాలు ఆర్పుతారు. ఎదురుగా తెర, చేతికందే దూరంలో మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు, వెనక గాజుపలక అవతల సౌండ్ ఇంజినీరు. తెరమీద ఎవరో నోరు తెరుస్తారు. వాళ్ళు పెదవి కలిపేలోగా ఇక్కడ మాట పూర్తి కావాలి. ఒక్క అక్షరం మిగిలినా మళ్ళీ మొదటికి. అరుపుకు అరుపు, ఏడుపుకు ఏడుపు, తన్నులు తింటే మూలుగు. బయటికి వచ్చి టీ తాగుతుంటే పక్క బల్లమీదివాడు కూడా గుర్తుపట్టడు. ఊరంతా విన్న గొంతు, ఎవరూ చూడని ముఖం.

ఈ చీకటిగదే పి.రవిశంకర్ కుటుంబానికి తాతల పొలం లాంటిది. తండ్రి పి.జె.శర్మ నటుడు, డబ్బింగ్‌లో పెద్దచెయ్యి. అన్న సాయికుమార్. సుమన్‌కూ రాజశేఖర్‌కూ ఏళ్ళ తరబడి నోరైనవాడు. ఇదే శ్యాంప్రసాద్ రెడ్డి, ఇదే కోడి రామకృష్ణ తీసిన ‘అంకుశం’లో రాజశేఖర్ గర్జించింది సాయికుమార్ గొంతుతోనే. తన ముఖానికి గుర్తింపు కోసం ఆ అన్న కన్నడం దాకా పోవాల్సి వచ్చింది, 1996లో ‘పోలీస్ స్టోరీ’. తమ్ముడు రవిశంకర్ కూడా ముఖం కోసం వెతుక్కుంటూనే ఉన్నాడు. నటించాడు, కన్నడంలో మాలాశ్రీతో ‘దుర్గి’ డైరెక్ట్ చేశాడు. పొట్టగడిచింది మాత్రం ఉత్తరాది విలన్ల నోట్లో తెలుగు పెట్టే పనితోనే.

ఇప్పుడు అతని ముందు పశుపతి.

మామూలు విలన్ అయితే ఒకే గొంతు చాలు. పశుపతికి మూడు కావాలి. మదమెక్కిన జమీందారీ కుర్రాడి గొంతు. మంత్రాలు సాధించి వచ్చినవాడి గొంతు. ఆ తర్వాత గోరీలో ఇన్ని తరాలు పడి ఉన్నదాని గొంతు. కథ ప్రకారం వాడికి నాలుక లేదు. నాలుక తెగినవాడు సగం సినిమా మాట్లాడుతూనే ఉంటాడు. తర్కం అడిగితే కుదరదు. ఆ తర్కం ఎవరికీ గుర్తురాకుండా చేయడమే మైకు ముందున్నవాడి పని.

రవిశంకర్ దాన్ని అరుపుతో చేయలేదు. సినిమా మళ్ళీ వేసుకుని కళ్ళు మూసుకుని వినండి. భయపెట్టేది పెద్ద గొంతు కాదు, బుజ్జగింపు. వాడు అరుంధతిని బెదిరించడు, పిలుస్తాడు. పిల్లను జోకొట్టినట్టు సాగదీసి, చివర్లో చిన్నగా నవ్వి, ఆ నవ్వులోంచి ఒక్కసారి గర్జనలోకి దూకుతాడు. బొమ్మాళీ అన్న ఆ పిలుపు తెలుగునాట అంతకు ముందు దాదాపు వినపడనిది. ఆ ఏడాది తర్వాత వినని ఇల్లు లేదు. చంటిపిల్లలు అన్నం తినకపోతే తల్లులు వాడుకున్నారు. కాలేజీ కుర్రాళ్ళు ప్రేమలేఖలకు వాడుకున్నారు. రాజకీయ నాయకులు ప్రతిపక్షాలకు వాడుకున్నారు.

గ్రాఫిక్స్ గురించి పేజీలు పేజీలు రాశారు అప్పట్లో. ఈరోజు చూస్తే ఆ గ్రాఫిక్స్ కొన్నిచోట్ల బొమ్మలాటలా అనిపిస్తాయి. గొంతుకు మాత్రం వయసు రాలేదు.

* * *

విడుదల సమయం ఏమంత మంచిది కాదు. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు ఒప్పుకోలు లేఖ బయటపడింది. పదిరోజులైనా కాలేదు. హైదరాబాద్‌లో కుర్రాళ్ళ ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో తెలీదు. చిరంజీవి పార్టీ పెట్టి ఎన్నికల ఊరేగింపుల్లో ఉన్నారు. పండగ సినిమాలు రెండు రోజుల ముందే హాళ్ళు పట్టేశాయి. వాటి మధ్యలోకి, పదమూడు కోట్ల పైచిలుకు పెట్టి, ముఖ్యవేషంలో ఆడపిల్లతో ఒక దయ్యం సినిమా.

మొదటి ఆటలు చూసి బయటికి వచ్చినవాళ్ళే ప్రచారం చేశారు. ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు. ‘అమ్మోరు’ చూసిన తల్లులు ఈసారి కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చారు. కూతురు తల్లి చెయ్యి పట్టుకుందో, తల్లే కూతురి చెయ్యి పట్టుకుందో ఆ చీకట్లో చెప్పడం కష్టం. సంక్రాంతి అల్లుళ్ళు అత్తగారిళ్ళు వదిలి వెళ్ళిపోయాక కూడా హాళ్ళు నిండుతూనే ఉన్నాయి. తమిళం, మలయాళం, హిందీల్లోకి పోయింది. 2014లో బెంగాలీలో కోయెల్ మల్లిక్‌తో మళ్ళీ తీశారు.

నందులు ప్రకటించినప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఉత్తమ విలన్‌గా సోనూ సూద్‌కు నంది. ఉత్తమ డబ్బింగ్ కళాకారుడిగా రవిశంకర్‌కు నంది. ఒక్క పశుపతికి రెండు నందులు, ఒంటికొకటి, గొంతుకొకటి. అనుష్కకు ప్రత్యేక జ్యూరీ, దివ్య నాగేష్‌కు బాలనటి, రాహుల్ నంబియార్‌కు స్పెషల్ ఎఫెక్ట్స్. ప్రభుత్వ కమిటీలు ఎన్నో తిక్కపనులు చేస్తుంటాయిగాని, పశుపతిని రెండుగా కోసి పంచడం మాత్రం న్యాయంగా చేశారు.

ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. అనుష్కను దృష్టిలో పెట్టుకుని కథలు రాయడం మొదలైంది. ‘పంచాక్షరి’, ‘రుద్రమదేవి’, ‘భాగమతి’ అన్నీ ఆ ఢక్కీల మధ్య నుంచి నడిచొచ్చినవే. కోడి రామకృష్ణ చివరి సినిమా 2016లో కన్నడంలో ‘నాగరహావు’. అందులో ఆయన 2009 చివర్లో కన్నుమూసిన విష్ణువర్ధన్‌ను కంప్యూటర్ సాయంతో తెరమీదికి తెచ్చాడు. చచ్చినవాడి ముఖాన్ని బతికున్నవాడి ఒంటికి తగిలించడం. పశుపతి దర్శకుడికి అది చివరి సినిమా కావడం కాకతాళీయమే అయ్యుంటుంది. 2019లో ఆయనా వెళ్ళిపోయాడు.

రవిశంకర్‌కు ముఖం దొరికింది. అన్నకు దొరికినచోటే, కన్నడంలో. 2011లో సుదీప్ ‘కెంపేగౌడ’లో ఆర్ముగం అనే విలన్ వేషం. తమిళ మాతృకలో ప్రకాశ్‌రాజ్ వేసిన వేషమది. ఆ దెబ్బతో కర్ణాటకలో ఆర్ముగం రవిశంకర్ అయ్యాడు. తెలుగులో మాత్రం బొమ్మాళీ రవిశంకర్. ఇంటిపేరు మార్చేంత పని చేసిన వేషంలో అతను ఎక్కడా కనపడడు.

* * *

2020 ఏప్రిల్, మే నెలలు. కరోనా లాక్‌డౌన్‌తో మనోహరాబాద్, కాళ్ళకల్ ఫ్యాక్టరీల గేట్లు మూతపడ్డాయి. రైళ్ళు లేవు, బస్సులు లేవు. అప్పుడు 44వ నంబరు రోడ్డు మీద లారీలకు బదులు మనుషులు కనపడ్డారు. హైదరాబాద్ నుంచి మేడ్చల్, మనోహరాబాద్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి మీదుగా ఉత్తరానికి నడక. బిహార్, జార్ఖండ్, యూపీ, మధ్యప్రదేశ్. నెత్తిమీద మూటలు, చంకన పిల్లలు, కాళ్ళకు తెగిన చెప్పులు. ఇక్కడ పని లేదు, అక్కడ ఊరు అందదు. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలో మొదటి శ్రామిక్ రైలు పన్నెండువందల మందిని ఎక్కించుకుని కదిలింది. రోడ్డు మీద నడుస్తున్నవాళ్ళు ఇంకెన్నో రెట్లు.

మే 11న మహారాష్ట్రలోని ఠాణే నుంచి గుల్బర్గాకు పది బస్సులు బయల్దేరాయి. వలస కూలీలను ఇళ్ళకు పంపే ఆ బస్సులు మాట్లాడింది సోనూ సూద్. అక్కడితో ఆపలేదు. బస్సులు, రైళ్ళు, విమానాలు కూడా. జులైలో మదనపల్లె ప్రాంతంలో ఎద్దులు లేక కూతుళ్ళు కాడి లాగుతున్న వీడియో చూసి ఆ రైతు ఇంటికి ట్రాక్టరు పంపాడు. మోగా నుంచి నాగపూర్‌కు, నాగపూర్ నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి మద్రాసుకు, హైదరాబాద్‌కు తిరిగిన బయటివాడికి దారిలో చిక్కుకున్నవాళ్ళ బాధ ఎవరో చెప్పక్కర్లేదేమో. పాపులారిటీ కోసం చేశాడన్నవాళ్ళూ ఉన్నారు. ఇంటికి చేరినవాడికి ఆ చర్చతో పనేముంది?

ఆ డిసెంబరులో సిద్దిపేట జిల్లా దుబ్బతండాలో సోనూ సూద్‌కు గుడి కట్టారు. మనోహరాబాద్ నుంచి చూస్తే పక్క జిల్లాయే. లంబాడీ ఆడవాళ్ళు అద్దాల రవికెలు తొడుక్కుని పాటలు పాడారు, విగ్రహానికి బొట్టు పెట్టి హారతిచ్చారు. నాకు అంత అర్హత లేదని ఆయన సిగ్గుపడుతూ జవాబిచ్చాడు. పదకొండేళ్ళ కిందట ఆ ముఖాన్నే చూపించి తెలుగు పిల్లల్ని నిద్రపుచ్చారని ఆ పూట ఎవరికీ గుర్తున్నట్టు లేదు. గుర్తున్నా ఇబ్బంది లేదు. మన పొలిమేరల్లో చాలామంది దేవుళ్ళు మొదట జనం జడిసినవాళ్ళే.

చిక్కు వచ్చింది సినిమావాళ్ళకే. హీరో చేత తన్నించుకోవడానికే పిలుచుకున్న మనిషి ఇప్పుడు జనం కళ్ళలో హీరో కంటే పెద్దవాడైపోయాడు. తనకోసం కథలు మారుస్తున్నారని ఆయనే చెప్పాడు. ‘ఆచార్య’ షూటింగులో ఎదురుగా నిలబడ్డది చిరంజీవి, ‘అంజి’లో ఆకాశగంగ కోసం ఆరేళ్ళు పడిగాపులు కాసిన అదే చిరంజీవి. ఫైట్ సీనులో చెయ్యి లేవలేదట. నిన్ను కొడితే జనం నన్ను తిడతారయ్యా అన్నారట, ఓ ఇంటర్వ్యూలో సోనూ సూద్ నవ్వుతూ చెప్పిన మాట. ఒక షాటులో ఆయన కాలు సోనూ సూద్ మీద ఆనించి ఉంది. అది కూడా వద్దనుకుని మళ్ళీ తీశారు.